మానుకోట సిస్టంలో దొంగ

కోతలు కోయడంలో జనగామలో నాకు పోటీ లేదు. ఒక వానాకాలం మా బస్టాండు నీళ్ల మీద తేలుతూ పోయి రఘునాథపల్లి దగ్గర ఆగిందని చెబితే, విన్నవాళ్లలో ఒక పెద్దమనిషి "మరి మన బస్సు ఆడికెల్లే పోతదా?" అని సంచి భుజాన వేసుకున్నాడు. నా మాట మీద జనానికి అంత గురి. ఆ గురి వల్లే ఒక మనిషి పరువు పోబోయింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను. అందుకు కారణమైన కోత ఒక్కటే, అది ఎక్కడుందో నేనే చూపిస్తాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికింకా ఒకే జిల్లా. మూడు చోట్లా ఒకే యజమానికి డీటీపీ సెంటర్లుండేవి. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, కరపత్రాలు టైపు చేసిచ్చే చిన్న దుకాణాలు. యజమాని జనగామలో కూర్చునేవాడు, ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. మూడు దుకాణాల సిస్టములకూ వైద్యుణ్ని నేను.

ఆ ఏడాది పాత యాంటీవైరస్ తీసేసి కొత్తది పెట్టాను. కొత్తదానికి ఒక సౌకర్యం ఉంది. మూడు ఊళ్లలో ఏ సిస్టంలో తేడా వచ్చినా జనగామలో భాయ్ ముందున్న తెర మీద ఎర్ర పెట్టె లేస్తుంది. ఏ ఊరు, ఏ సిస్టం, ఏం పట్టుకుందీ అన్నీ అందులో ఉంటాయి. పెట్టిన మూడు రోజులూ ఒక్క పెట్టె కూడా లేవలేదు. నేను చేసిన పని చప్పగా ఉండిపోయింది. నాలుగో రోజు దుకాణంలో గిరాకీ నిండుగా ఉన్నప్పుడు భాయ్ "క్యా మియా, నీ కొత్తది నిద్రపోతున్నదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇక నా నోరు ఆగుతుందా?

"నిద్రా? నిన్న భూపాలపల్లిల ఏమైందో నీకెవ్వలు చెప్పలేదా భాయ్? ఎవడో దొంగ ప్రోగ్రాం పెట్టి, మనోడు టైపు కొట్టే అక్షరాలన్నీ పక్కకు గుంజుకుంటున్నడు. గిది అట్ల ముక్కు పెట్టి వాసన పట్టింది. ఆడ నెట్టు లేక నీ తెర మీదికి పెట్టె రాలే గని, గంటల పోలీసు జీపొచ్చింది. వాణ్ని రెక్కవట్టి ఎక్కించుకొని పోయిండ్రు!"

కోత అదే. జీపు లేదు, దొంగ లేడు. ఆ మధ్యాహ్నమే భూపాలపల్లి దుకాణంలో ఉండే ఆపరేటరుకు ఫోన్ చేశాను. నా వయసువాడే, నమ్మకస్తుడు. "భాయ్ అడిగితే జీపొచ్చిందను తమ్మీ, నా ఇజ్జత్ కా సవాల్" అని చెప్పి పెట్టేశాను. అంతటితో మరిచిపోయాను.

రెండు రోజుల తర్వాత జిల్లా బంద్. పొద్దున్నే భాయ్ నుంచి ఫోన్. గొంతు ఎప్పటిలా లేదు.

"మియా, నీ ఎర్ర పెట్టె లేసింది. మానుకోట."

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటాం. "ఎవల సిస్టం?" అన్నాను.

"అక్కది. నువ్వు చెప్పిన దొంగనే. టైపు కొట్టే అక్షరాలు గుంజుకునేటోడు. నిన్న సాయంత్రం లేసింది. నేను కమిటీ సారుకు గూడ చెప్పిన."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అది కింద పెట్టడానికి చోటు కనబడలేదు.

ఆ అక్క గురించి చెప్పాలి. మహబూబాబాద్ దుకాణంలో తెలుగు టైపు ఆమె ఒక్కతే చూసేది. కొత్తగూడ దిక్కు తండాలో పుట్టి, మానుకోటలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు నడిచివచ్చి నేర్చుకున్న మనిషి. నా కంటే రెండేళ్లు చిన్నదే అయినా అందరితో పాటు నేనూ అక్కా అనేవాణ్ని. భర్త హోంగార్డు. ఉద్యమ కమిటీ కరపత్రాలన్నీ ఆమె చేతి మీదుగానే అచ్చుకు వెళ్లేవి. ఆ నెలలో రెండుసార్లు ఒకటే జరిగింది. రైలు పట్టాల మీద కూర్చునే చోటును కమిటీ చివరి క్షణంలో మార్చి, తమ వాళ్లకు మాత్రమే చిన్న చీటీలు అచ్చువేయించి పంచింది. వీళ్లు వెళ్లేసరికి పోలీసులు అక్కడ బారులు తీరి ఉన్నారు. చీటీ సంగతి బయటికి ఎలా పోయిందన్నది కమిటీకి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. ఇప్పుడు అక్క సిస్టంలో అక్షరాల దొంగ దొరికాడు. ఇంట్లో హోంగార్డు ఉన్నాడు. ఫోనులో తండా భాషలో మాట్లాడుతుంది, ఎవరికీ అర్థం కాదు. కమిటీకి మూడు ముక్కలూ అతికినట్టు అతికాయి.

"ఇయ్యాల ఐదింటికి దీక్షా శిబిరంల మైకు మీద పేరు చెప్తరట," అన్నాడు భాయ్. "నువ్వు పోయి చూడు మియా. నిజమైతే నిజం. కాకపోతే, ఆడమనిషి..." ఫోన్ పెట్టేశాడు.

మైకు మీద పోలీసుల మనిషి అని పేరు వస్తే ఆ రోజుల్లో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లో నీళ్లు కూడా పుట్టవు. తండాలో అయితే అసలే పుట్టవు.

బస్సులు లేవు, రైళ్లు లేవు. బండి మీద పాలకుర్తి దారి పట్టాను. తొర్రూరు నడిరోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది, అటూ ఇటూ జనం. నా బండికి అడ్డంగా ఒకాయన నిలబడ్డాడు.

"ఎక్కడికే? బంద్ అంటే ఎరికలేదా?"

"మానుకోటల కమిటీ పనున్నది అన్నా, ఒక మనిషికి ఆపద వచ్చింది," అన్నాను. నిజమే చెప్పాను.

"అందరు గిదే చెప్తరు. దిగు. కూసోని బువ్వ తిను."

దిగాను. విస్తరిలో అన్నం పడింది. గడియారం పన్నెండు దాటింది. మింగీమింగక ఒక మాట వదిలాను. "శిబిరంల మైకు కరాబైంది అన్నా. బాగు చేసేటోణ్ని నేనొక్కణ్నే. నేను పోకుంటే సాయంత్రం సారుకు గొంతు లేదు."

"అరే, మొదలే చెప్పొద్దా!" నలుగురు కలిసి నా బండిని పట్టుకుని రాళ్లు దాటించారు. నిజం చెబితే కూర్చోబెట్టారు, అబద్ధం చెబితే మోసుకుపోయారు. మామూలు రోజైతే దానికి నేను మురిసిపోయేవాణ్ని.

మహబూబాబాద్ చేరేసరికి ఒంటిగంటన్నర. దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. అక్క తన సిస్టం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినవా అన్నా. జీపేది? బయట పెట్టినవా?"

భాయ్ నుంచి కమిటీకి, కమిటీ నుంచి ఊరికి, ఊరి నుంచి ఆమెకు నా జీపు చేరిపోయింది.

"పొద్దుగాల బోరింగు కాడ ఒక్కతి బిందె జరుపలే నాకు," అంది. "మొన్న పట్టాల మీద మా తమ్ముడు గూడ కూసున్నడు. వీపు మీద లాఠీ వాతలు ఇంక మానలే. నేనే చెప్పి కొట్టిపిచ్చిన్నట."

నేను ఆమెను జరగమని సిస్టం ముందు కూర్చున్నాను. ఎర్ర పెట్టె తెరిచాను. 'ఈ ప్రోగ్రాం మీటల మీద పడే ప్రతి అక్షరాన్నీ మధ్యలో పట్టుకుంటున్నది. దీనిని బంధించాము' అన్నది దాని సారాంశం. ముందు అనుమానం తీర్చుకోవాలి కదా. సిస్టం అంతా గాలించాను. బయటికి పోయిన ఫైలు లేదు, కొత్తగా వచ్చిన ప్రోగ్రాం లేదు. కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. అరగంట పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది. "ఫైల్ పంపించండి సార్, పరీక్షించి రెండు పనిదినాల్లో చెబుతామండీ."

"మా దిక్కు పనిదినాలే లేవమ్మా," అని పెట్టేశాను.

రెండున్నర. అక్క వెనక నుంచి తెర వైపు చూస్తూ, "అన్నా, గది నా టైపు బొమ్మ గాదా?" అంది.

చూశాను. బంధించిన ఫైలు పక్కన చిన్న గుర్తు. అది ఆమె తెలుగు టైపు ప్రోగ్రాందే. మిగతా దుకాణాల్లో వాళ్లు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతిలో కొడతారు. అక్క మాత్రం పాత టైపు మిషన్ మీద నేర్చుకున్న వేళ్లు మార్చుకోలేదు. ఆమె కోసం నేనే ఎక్కడో సంపాదించిన పాత ప్రోగ్రాం అది. మీట నొక్కగానే ఇంగ్లీషు అక్షరాన్ని మధ్యలో పట్టుకుని, దాని స్థానంలో టైపు మిషన్ అక్షరాన్ని పెడుతుంది. అక్షరాన్ని మధ్యలో పట్టుకోవడమే దాని ఉద్యోగం! నిన్న సాయంత్రం మొదటిసారి పూర్తి గాలింపు నడిచినప్పుడు కొత్త కావలివాడికి అది దొంగలా కనబడింది.

"మరి పాతది ఇన్నేండ్లు ఎందుకు పట్టలేదు?" అన్నాను, నాలో నేను.

"ఎందుకు పట్టలే? మొదట్ల అదిగూడ గిట్లనే మొత్తుకున్నది," అంది అక్క. "నువ్వే వచ్చి ఏందో లిస్టుల రాసినవు. వీడు మనింటోడు, వీణ్ని ముట్టకు అని చెప్పిన అన్నవు. నేను చాయ్ తెచ్చిస్తే తాగుకుంట చెప్పినవు."

ఆ చాయ్‌తో సహా గుర్తొచ్చింది. ప్రతి యాంటీవైరస్‌లోనూ ముట్టకూడని వాటి జాబితా ఒకటి ఉంటుంది. పాతదాంట్లో నా చేత్తోనే రాశాను. కొత్తది పెట్టేటప్పుడు పాత జాబితా చూసి, అందులో ఉన్నవన్నీ ఇందులో ఎక్కించాలి. నేను ఎక్కించలేదు. పాతదాన్ని తీసేసేటప్పుడు అందులో జాబితా ఉన్నదన్న ధ్యాసే లేదు. ఇల్లు మారేవాడు సామాను వేసుకుని ఇంటి ముసలమ్మను అరుగు మీద మరిచిపోయినట్టు.

"అక్కా, తప్పు నాదే," అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? ఆళ్లకు చెప్పు."

అప్పుడే షట్టరు కింద నుంచి రెండు జతల కాళ్లు కనబడ్డాయి. కమిటీ సారు, ఆయన వెంట మెడలో గులాబీ కండువా ఉన్న మనిషి. సారు పదవీ విరమణ చేసిన తెలుగు పంతులు, మెత్తని మనిషి, కానీ మాట తప్పనివాడు. కరపత్రాల రాత ఆయనదే. భుజానికి ల్యాప్‌టాప్ సంచి.

జరిగిందంతా చెప్పాను. ప్రోగ్రాం సంగతి, జాబితా సంగతి, భూపాలపల్లి జీపు కూడా నా కోతేనన్న సంగతి. జీవితంలో అంత పొడి నిజం ఎప్పుడూ చెప్పలేదు. కండువా మనిషి నవ్వాడు.

"మొన్నటి దాకా జీపొచ్చిందన్నవు. ఇప్పుడు రాలేదంటున్నవు. ఆమెను బచాయించుడు తప్ప ఇంకేం లేదు."

"భూపాలపల్లికి ఫోన్ చెయ్యండ్రి," అన్నాను. "ఆ ఆపరేటరునే అడగండ్రి."

అన్న తర్వాత నా నాలుక కొరుక్కున్నాను. అప్పటికే సారు గోడ మీద రాసున్న నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. "నేను మానుకోట కమిటీ నుంచి మాట్లాడుతున్న నాయనా. మీ దుకాణంల దొంగ ప్రోగ్రాం దొరికి, జీపు వచ్చిన మాట వాస్తవమేనా?"

అటు నుంచి ఒక్క క్షణం కూడా ఆలస్యం లేదు. "అవును సారూ! నా కండ్లారా చూసిన. ఇద్దరు కానిస్టేబుళ్లు. రెక్కవట్టి ఎక్కించిండ్రు. వాడు ఏడ్చిండు గూడ!"

ఏడ్చాడన్నది వాడి సొంత కవిత్వం. "తమ్మీ, నేను ఈడనే ఉన్న, నిజం చెప్పు!" అని అరిచాను.

"నిజమే గదన్నా చెప్తున్న! నువ్వు ఫికర్ చెయ్యకు!"

సారు ఫోన్ పెట్టేశాడు. కండువా మనిషి గడియారం చూసుకున్నాడు. మూడూ యాభై. అక్క నా వైపు చూడలేదు. అది తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

"పోదాం సారూ," అన్నాడు కండువా మనిషి.

సారు లేచి ల్యాప్‌టాప్ సంచి సర్దుకున్నాడు. అక్క అప్పుడు నోరు విప్పింది.

"సారూ, మీరు టైపు ఎక్కడ నేర్చుకున్నరు?"

"నువ్వు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనేనమ్మా. నీ కంటే చాలా ముందు."

"ఇంట్ల రాసుకునేటప్పుడు దేంట్ల కొడ్తరు?"

సారు ఆగాడు. నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. ఆయనకు ఆ ప్రోగ్రాం పెట్టింది నేనే. చాన్నాళ్ల కింద ఆ ల్యాప్‌టాప్‌లో, ఈ దుకాణంలోనే. సారుకూ టైపు మిషన్ వేళ్లే.

"సారూ, ఆ సిస్టంల ఇప్పుడు ఏ యాంటీవైరస్ లేదు. మా కొత్తది పెడ్త. మీ ముందటనే. నేను ఇంకే ఫైలు ముట్ట. అక్కది దొంగైతే మీది దొర గావాలె. చూద్దాం."

కండువా మనిషి వద్దన్నాడు. సారు సంచి విప్పాడు. నేను పెన్ డ్రైవ్ పెట్టి, చేతులు రెండూ పైకెత్తి అందరికీ కనబడేలా వెనక్కి జరిగాను. ఎక్కడం పూర్తయింది. గాలింపు మొదలైంది. పది శాతం. పదిహేను. శిబిరం నుంచి డప్పులు వినబడుతున్నాయి. నలభై దగ్గర అరగంట నిలబడిపోయింది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, వాళ్లకైనా కోతలు కోయకుండా. నాలుగూ నలభై. నలభై ఒకటి శాతం. యాభై. అరవై మూడు.

టింగుమని మోగింది. ఎర్ర పెట్టె.

సారు కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. అదే పేరు, అదే నేరం. మీటల మీద పడే ప్రతి అక్షరాన్నీ మధ్యలో పట్టుకుంటున్నది.

"సారూ," అంది అక్క, "మీరెవ్వలకు చెప్పిండ్రు?"

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. కండువా మనిషి మాత్రం పట్టు వదల్లేదు. "సరే, ఇది అబద్ధమే అనుకుందాం. మరి పోలీసోళ్లకు ఎట్ల తెలిసింది? రెండుసార్లు?"

అందరం కలిసి శిబిరానికి నడిచాం. దారంతా అక్క ముందు, మేం వెనక. శిబిరం వెనక, దీక్షలో కూర్చోనివాళ్లు కాగితాల్లో మిర్చి బజ్జీలు తింటున్నారు. రోజూ పోలీసు ఠాణా ముందు నిలబడే ఆ మిర్చీ బండిని బంద్ రోజని శిబిరం దగ్గరికి రానిచ్చారు. అక్క అక్కడ ఆగింది. ఒకాయన చేతిలోని కాగితం వైపు చూసి, "అన్నా, జర గా కాయిదం ఇస్తవా?" అంది. ఆయన మిర్చి నోట్లో పెట్టుకుని కాగితం ఇచ్చేశాడు.

నూనె మరకల మధ్య తెలుగు అచ్చు. పట్టాల మీద కూర్చునే కొత్త చోటు, టైము. ఒక మాట మీద ఎర్ర పెన్నుతో దిద్దుబాటు.

"ఇది ప్రూఫు సారూ. ఎర్ర పెన్ను మీది. దిద్దినంక మీరే బుట్టల ఏసిండ్రు. మా బుట్టల కాయిదం పొద్దుగూకకముందే బండికి పోతది. బండి ఠాణా ముంగట ఉంటది."

సారు ఆ కాగితాన్ని అందుకున్నాడు. నూనె ఆయన వేళ్లకు అంటింది. కండువా మనిషి అక్క వైపు తిరిగాడు. "సరేనక్కా. ఇగ పేరు చెప్పం. అయిపోయింది."

"ఎట్ల అయిపోయింది? బోరింగు కాడ అందరికి తెలిసింది. మైకు మీద చెప్పాలె, నేను గాదని. ఎవలు ఉట్టిది పుట్టిచ్చిండ్రో ఆళ్లే చెప్పాలె." ఆమె ఇప్పుడు నా వైపు చూసింది.

ఐదు దాటింది. నా చేతికి మైకు ఇచ్చారు. ఎదురుగా వందల మంది. ఇలాంటి జనం కోసమే పుట్టానని ఎన్నోసార్లు అనుకున్నవాణ్ని. జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. జీపు దగ్గరికి రాగానే వెనక నుంచి నవ్వు వినబడింది. తొర్రూరు రోడ్డు మీద నా బండిని మోసిన మనిషి కూడా జనంలో ఉన్నాడు. "అరే, మైకు బాగు చేసేటోడే గదా!" అని అరిచాడు. ఇంకా నవ్వారు. నా అలవాటు నన్ను లాగింది. ఇంకొక్క ముక్క చేరిస్తే అందరూ పొట్టలు పట్టుకుంటారు. నోటి దాకా వచ్చింది.

గుంజ పక్కన అక్క నిలబడి ఉంది. ఆమె నవ్వడం లేదు.

ఆపేశాను. ఆమె పేరు చెప్పాను. "అక్క ఏ తప్పూ చెయ్యలే. సిస్టంల దొంగ లేడు. రాయాల్సిన లిస్టు నేను రాయలే, రాని జీపు నేను తెచ్చిన. తప్పు నాది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో నుంచి ఒక ముసలవ్వ లేచి, నన్ను దాటి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. బోరింగు దగ్గర బిందె జరపని వాళ్లలో ఆమె కూడా ఉందని తర్వాత తెలిసింది.

సారు మైకు తీసుకుని మిర్చీ కాగితం సంగతి తనే చెప్పాడు. ఆ రోజు నుంచి ప్రూఫులు చింపి పారేయడం మొదలైంది.

చీకటి పడకముందే దుకాణానికి వచ్చి, ముట్టకూడని వాటి జాబితా తెరిచి, ఆ ప్రోగ్రాం పేరు రాశాను. అక్క వెనకే నిలబడి ప్రతి అక్షరమూ చూసింది. ఈసారి చాయ్ ఇవ్వలేదు. రాయడం అయ్యాక కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మీటల మీద పెట్టింది. తెలుగు వచ్చింది. మర్నాటి కరపత్రం మొదలుపెట్టింది.

నేను షట్టరు కింద వంగి బయటికి వెళ్తుంటే, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అంది.

"అన్నా, భూపాలపల్లికి ఫోన్ చెయ్యి. పాపం, గా ఏడ్చిన దొంగను ఇడిసిపెట్టి, జీపు వాపస్ పంపియ్యమను."

చేశాను. అటు నుంచి ఆపరేటరు, "ఇప్పుడెట్లన్నా? ఈడ అందరు జీపు నంబరు గూడ చెప్తున్నరు," అన్నాడు.